పాశ్చాత్య దేశాల్లో క్రైస్తవానికి ముందటి దేవతల్ని, ప్రకృతిని కొలిచే పేగన్లు నిజంగా ఏం నమ్ముతారు? సైతానును కొలుస్తారా? మన హిందూమతం లాంటిదేనా?

ముందు సైతాను సంగతి. సైతాను క్రైస్తవ విశ్వాసంలోనివాడు. ఆ విశ్వాసమే లేనివాళ్లు అతన్నెందుకు కొలుస్తారు? హారర్ సినిమాల్లో చూపించి భయపెట్టే ఐదు మొనల నక్షత్రం చాలామంది పేగన్ల మెడలో ఉంటుంది నిజమే. ఆ ఐదు మొనలు గాలి, నిప్పు, నీరు, నేల, ఆత్మ. మన పంచభూతాల్లో ఆకాశం ఉన్న చోట వాళ్లు ఆత్మను పెట్టుకున్నారు.

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్‌లో ఉన్నాను. మా ఆఫీసులో పేరోల్ చూసే ఒకావిడ డ్రూయిడ్, అంటే పాతకాలపు బ్రిటన్ పూజారుల పేరు పెట్టుకున్న పేగన్ శాఖకు చెందినావిడ. జూన్‌లో, పగలు అన్నిటికంటే పొడవుగా ఉండే రోజుల్లో, నన్ను ఏవ్‌బరీ తీసుకెళ్లారు. నిలువు రాళ్ల వలయానికి పేరుపడ్డ స్టోన్‌హెంజ్ ఉన్న విల్ట్‌షైర్ కౌంటీలోనే ఈ ఊరు ఉంటుంది. ఏవ్‌బరీలోని రాళ్ల వలయం ఎంత పెద్దదంటే ఊళ్లో కొంత భాగం, ఒక పబ్బు కూడా దాని లోపలే ఉన్నాయి. రాళ్లను తాకొచ్చు, ఆనుకుని కూర్చోవచ్చు.

అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. తూర్పుకు తిరిగి గాలిని, దక్షిణానికి నిప్పును, పడమటికి నీటిని, ఉత్తరానికి నేలను పిలిచారు. పిలిచినప్పుడల్లా మిగతావాళ్లు ‘హెయిల్ అండ్ వెల్‌కమ్’ అని అందుకున్నారు. తర్వాత రొట్టె పంచారు. తేనెతో చేసే మీడ్ అనే మద్యాన్ని ఒక కొమ్ములో పోసి చేతులు మార్చుకున్నారు, తాగే ముందు ఓ చుక్క నేలకు. నడిపించిన పెద్దాయన తెల్లటి అంగీ కింద బురద కొట్టుకున్న ట్రెక్కింగ్ బూట్లు కనిపిస్తున్నాయి.

మీ నమ్మకం ఏమిటని అడిగితే తలా ఒక మాట చెప్పారు. ఒకరికి దేవతలు నిజంగా ఉన్నారు. ఇంకొకరికి అవి ప్రకృతి శక్తులకు పెట్టుకున్న పేర్లు. ఒకాయనైతే నాస్తికుడు! దాని మీద గొడవేమీ లేదు. ప్రవక్త లేడు, అందరికీ ఒకే గ్రంథం లేదు. వాళ్లను కలిపి ఉంచేది పండగల చక్రం. అయనాలు మారే రెండు రోజులు, పగలూ రాత్రీ సమానమయ్యే రెండు రోజులు, వాటి మధ్యలో మరో నాలుగు: అక్టోబరు 31న పితృదేవతల్ని తలుచుకునే సావిన్, ఫిబ్రవరి మొదట్లో ఇంబోల్క్, మే 1న బెల్టేన్, ఆగస్టు 1న లూనసా. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఊళ్లో ఉంటే తప్ప, పగలు మళ్లీ పెరగడం మొదలయ్యే యూల్ ఎందుకంత పెద్ద పండగో మనకు ఎక్కదు.

ఇదంతా వేల ఏళ్లుగా తెగకుండా వస్తోందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ రాళ్లు నిలిపినవాళ్లు పాతకాలపు డ్రూయిడ్ల కంటే కూడా రెండు వేల ఏళ్లు ముందువాళ్లు. మంత్రవిద్య మీద ఉన్న చట్టం 1951లో రద్దయ్యాక, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ రాసిన పుస్తకంతో, మంత్రవిద్యను పాటించే విక్కా అనే పేగన్ శాఖ జనానికి తెలిసింది. ఎనిమిది పండగలనూ ఒక చక్రంగా కూర్చింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. మా కొలీగ్ దీన్ని దాచరు. ‘కొత్తదైతే ఏం, పనిచేస్తోందిగా’ అంటారు. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 74 వేల మంది తమది పేగన్ మతమని రాసుకున్నారు. విక్కావాళ్లు విడిగా మరో 13 వేలు.

ఇక హిందూమతం లాంటిదేనా అంటే, పైకి చూస్తే అలాగే ఉంటుంది. ఏవ్‌బరీలో వేర్లు పైకి తేలిన బీచ్ చెట్లకు కోరికలు కోరుకుని రిబ్బన్లు కడతారు. మన గుడి చెట్టుకు కట్టే ముడుపులే గుర్తొచ్చాయి నాకు. కానీ మన పండగలు మనల్ని అడిగి రావు. ఇల్లు, కులం, ఊరు వాటిని మన చేతిలో పెడతాయి. అక్కడ చాలామంది చర్చి వదిలేసి, పెద్దయ్యాక, ఏరి కోరి ఇందులోకి వచ్చినవాళ్లు. నా దృష్టిలో ఇది చిన్న తేడా కాదు.

అక్కడుండేవాళ్లు చూడాలనుకుంటే స్టోన్‌హెంజ్ కంటే ఏవ్‌బరీ మేలు. స్టోన్‌హెంజ్‌లో జూన్‌లోని ఆ పండగ రాత్రి ప్రవేశం ఉచితమే గానీ వేల మంది వస్తారు. ఫొటో అడిగి తీయండి. చెట్టుకు కట్టాలనిపిస్తే నూలు దారం వదులుగా కట్టండి, నైలాన్ రిబ్బన్ వద్దు. జూన్ కదా అని స్వెటర్ లేకుండా మాత్రం వెళ్లకండి, తెల్లవారుజామున వణుకుతారు.