రేసు పడవల డిజైనింగ్ అంటే రూల్స్‌లో సందులు వెతకడమేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు రేసు పడవల డిజైనింగే చదువుతానని పట్టుబట్టాడు. పడవ అడుగు భాగాన్ని పరదాలతో కప్పేసి గెలిచిన జట్టు వాడికి ఆదర్శమట! నాకది మోసంలా అనిపిస్తోంది. ఈ రంగంలోకి పంపొచ్చా?
– ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: మీ బాబు చెబుతున్నది 1983 అమెరికాస్ కప్ అనే అంతర్జాతీయ తెరచాప పడవల పోటీ సంగతి. 132 ఏళ్లు న్యూయార్క్ యాట్ క్లబ్ చెయ్యి దాటని కప్పును 'ఆస్ట్రేలియా-2' పడవ 4-3తో గెలిచి పట్టుకెళ్లింది. పడవ ఒరిగిపోకుండా అడుగున బరువుగా ఉండే భాగాన్ని కీల్ అంటారు. డిజైనర్ బెన్ లెక్సెన్ దానికి రెక్కలు పెట్టించాడు. బరువు ఇంకా కిందికి దిగింది, గాలికి పడవ నిలకడ పెరిగింది. ఒడ్డున పడవను పైకి లేపినప్పుడల్లా చుట్టూ పరదాలు కట్టేవారు.

కానీ ఆ పరదా ప్రత్యర్థుల కోసం. కొలతలు తీసే అధికారులు మాత్రం కీల్‌ని చూశారు, కొలిచారు, సరేనన్నారు. న్యూయార్క్ క్లబ్ అభ్యంతరాలు నిలబడలేదు. డిజైన్‌లో డచ్ నిపుణుల వాటా ఎంతన్న వాదన మాత్రం తర్వాత కూడా సాగింది. సొంత దేశం వాళ్లే డిజైన్ చెయ్యాలన్నది అప్పటి నియమం కాబట్టి దాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

2013లో జరిగింది వేరు. అసలు కప్పుకు ముందు జరిగిన సిరీస్‌లో ఒరాకిల్ జట్టు పడవల్లో అనుమతి లేకుండా బరువు చేర్చారు. అది బయటపడ్డాక ఫైనల్లో 2 పాయింట్ల కోత, జరిమానా, కొందరిపై నిషేధం పడ్డాయి. పోటీదారుడికి దాచడం ఆటలో భాగం, కొలిచేవాళ్లకి దాచడం మోసం. మీ బాబుకి ఈ తేడా తెలిస్తే మీకు టెన్షన్ అక్కర్లేదు.

2017లో న్యూజిలాండ్ జట్టు చేతులకు బదులు కాళ్లతో పెడల్ తొక్కి పడవకు కావలసిన శక్తి పుట్టించింది. మనిషి బలమే వాడాలన్నారు గానీ, చేతులే వాడాలని ఎక్కడా లేదు. తర్వాతి పోటీకి దాన్ని నిషేధించి, 2024లో మళ్లీ అనుమతించారు. అంటే డిజైనర్ కొత్తది తెస్తే నిబంధన కూడా దానితోపాటు మారుతుంది.

అన్ని రేసులూ ఇలా ఉండవు. ఒలింపిక్స్‌లో ఉన్న ఐఎల్‌సీఏ అనే ఒక్కరే నడిపే చిన్న పడవకు రూల్ పూర్తిగా తిరగబడుతుంది: అనుమతించామని రాసి ఉంటే తప్ప ఏదీ మార్చకూడదు. అక్కడ తేలేది నడిపేవాడి సత్తా.

ఇక చదువు. ఐఐటీ మద్రాస్, ఖరగ్‌పూర్‌లలో నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడలు, పడవల డిజైన్ చదువు) ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌కైతే ఐఎంయూ సెట్ రాయాలి. ఉన్నమాట చెబుతాను, మన దేశంలో రేసు పడవల డిజైన్ ఉద్యోగాలు చాలా తక్కువ. అయినా ఈ డిగ్రీ వృథా పోదు. విశాఖలోనే హిందుస్తాన్ షిప్‌యార్డ్ ఉంది, పడవ నమూనాలను పొడవాటి నీటి తొట్టిలో లాగి పరీక్షించే నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది. రేసు పడవలే కావాలంటే పీజీకి బయటి దేశాలకు వెళ్లాల్సి రావచ్చు, ఆ ఖర్చు ఇప్పుడే లెక్క వేసుకోండి.

ఈ ఆదివారం బాబు నడిపే పడవ క్లాస్ రూల్స్ (ఆ రకం పడవ ఎలా ఉండాలో చెప్పే నియమాలు) డౌన్‌లోడ్ చేసి ఇద్దరూ కలిసి చదవండి. ఒక్కో నియమం ఎందుకు పెట్టారో వాణ్నే చెప్పమనండి. గంటసేపు విసుగు లేకుండా చెప్పాడంటే, ఐఎంయూ సెట్‌కి అప్లై చేయించండి.