డబుల్ డ్యూటీలు మొదలైనప్పటి నుంచి ఆయన మారిపోయారు

ప్రశ్న: మాది ఉప్పల్. మా వారికి 46 ఏళ్లు, సిటీ బస్సు డ్రైవర్. మందు అలవాటు లేదు. పెద్దమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కోసం నాలుగు నెలలుగా వారానికి మూడు డబుల్ డ్యూటీలు చేస్తున్నారు. ఇంటికొచ్చాక ఎవరు పలకరించినా కసురుతున్నారు. మొన్న ఆదివారం స్కూటర్ మీద వెళ్తుంటే రామంతపూర్ సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టి అలాగే తూగారు. వెనక హారన్లు కొడుతుంటే నేనే భుజం తట్టి లేపాను. ఆ మధ్య బస్సు ఆటోకు తగిలిందట, ఎవరికీ చెప్పొద్దన్నారు. నేనే డిపో మేనేజర్‌ను కలవనా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఆయనకు తెలియకుండా మీరు డిపో గేటు దాటితే సాయంత్రానికల్లా స్టాఫంతా అదే మాట్లాడుకుంటారు. ఆ తర్వాత ఆయన మీతో కూడా ఏమీ చెప్పరు. అలాగని ఊరుకోమనడం లేదు.

మీరు కోపం గురించి ఎక్కువ రాశారు. నాకు మాత్రం ఆయన సిగ్నల్ దగ్గర తూగిన సంగతి చదివే భయం వేసింది. తెల్లవారుజామున 4కు లేచిన మనిషి రాత్రి 9కి ఇంకా స్టీరింగ్ మీదే ఉన్నాడంటే 17 గంటలు మెలకువగా ఉన్నట్టు. అప్పటికి మెదడు, 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. మద్యం ఉన్నంతగా మందగిస్తుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం డ్రైవర్‌కు పెట్టిన హద్దు 30. చుక్క ముట్టని మనిషి కూడా ఆ స్థితికి వస్తాడు. 40 కి.మీ. వేగంలో మూడు సెకన్లు రెప్ప పడితే బస్సు 33 మీటర్లు తనంతట తానే పోతుంది.

కసురుకోవడానికి కారణమూ చాలావరకు నిద్రలేమే. దానికితోడు ట్రాఫిక్, టైమింగ్ టెన్షన్. మధ్యలో దిగే వీలుండదని నీళ్లు తాగడమే మానేసిన డ్రైవర్లను నేను చూశాను. సాయంత్రానికి తలనొప్పి, ఇంటికొస్తే చిరాకు. ఆయన నీళ్ల సీసా ఎంత ఖాళీ అవుతోందో ఒకసారి గమనించండి.

వారాంతపు సెలవు రోజున, ఆయన నిద్ర తీరి లేచాక మాట్లాడండి. డ్యూటీ దిగి వచ్చిన అరగంటలో ఫీజు మాట ఎత్తకండి. ‘మీరు జాగ్రత్తగా ఉండరు’ అనే బదులు ‘ఆ రోజు సిగ్నల్ దగ్గర నాకు కాళ్లు వణికాయి’ అనండి. ఫీజుకు ఇంకా ఎంత కావాలో, ఒక్కో డబుల్‌కు చేతికి ఎంత వస్తోందో కాగితం మీద రాసుకోండి. కాలేజీలో వాయిదాలు అడగండి, అవసరమైతే చీటీ పాడండి. మూడు డబుల్స్ ఒకటికి తగ్గాలి, అదీ వెంటవెంటనే వద్దు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటలు, 5 గంటల తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అని రాసింది. కాబట్టి డ్యూటీ తగ్గించమని ఆయనే అడగడంలో నామోషీ ఏమీ లేదు.

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోందా? అయితే డాక్టర్‌కు చూపించాల్సిందే. మనసు విప్పి మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

వారం చూడండి. అప్పటికీ ఏమీ తగ్గకపోతే ‘నేను డిపోకు వెళ్తున్నాను’ అని ఆయనకు చెప్పే వెళ్లండి. అంతవరకు స్కూటర్ తాళం మీ దగ్గరే ఉంచుకోండి. ఆదివారం ఎక్కడికైనా పోవాలంటే బస్సెక్కండి. ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెడితే హాయిగా ఓ కునుకు తీస్తారు.