సూపర్‌కార్ ధర పెంచి, అమ్ముకోవద్దని హామీ అడుగుతున్నారు: డిపాజిట్ తిరిగి వస్తుందా?

సందేహం: పరిమిత సంఖ్యలో తయారయ్యే ఒక సూపర్‌కార్ కోసం డీలరు దగ్గర డిపాజిట్ కట్టాను. అదే కంపెనీ మామూలు మోడల్ ఒకటి ముందుగా కొంటే కేటాయింపులో నా పేరు ముందు వరుసలో ఉంటుందని సేల్స్ మేనేజరు చెప్పడంతో, అంత అవసరం లేకపోయినా అదీ కొన్నాను. 14 నెలల తర్వాత ఇప్పుడు, ధర మొదట చెప్పినదానికంటే నాలుగో వంతు పెరిగిందని, పైగా రెండేళ్ల వరకు ఎవరికీ అమ్మనని హామీపత్రం రాసిస్తేనే కారు ఇస్తామని అంటున్నారు. ముందు కొన్న కారు విషయంలోనూ మోసపోయానేమో అనిపిస్తోంది. ఆన్‌లైన్ సమీక్ష వీడియోలో మీట నొక్కగానే కారు ముందు భాగం పైకి లేచింది. నాకిచ్చిన కారులో ఆ ఏర్పాటే లేదు. ఇదంతా నేనే వీడియోగా పెడతానని అంటే, బుకింగ్ ఫారంలోని షరతు ప్రకారం అది కుదరదని, పరువు నష్టం దావా వేస్తామని లీగల్ నోటీసు పంపారు. నేనేం చేయాలి?

సమాధానం: మీరు పంపిన బుకింగ్ ఫారం, రసీదు, ఈ-మెయిళ్లు, నోటీసు అన్నీ చదివాను. మీ లేఖలో నాలుగు వివాదాలు కలగలిసి ఉన్నాయి, నాలుగింటిలోనూ మీ బలం ఒకే తీరుగా లేదు. డిపాజిట్ విషయంలో మీ పక్షం గట్టిగానే ఉంది. పాత ధరకే కారు ఇవ్వాలని పట్టుబట్టే విషయంలో బలహీనంగా ఉంది. ముందు కొన్న కారు సంగతి ఒకే ఒక్క ఈ-మెయిల్ మీద ఆధారపడి ఉంది. మీ పేరు, దేశం తెలియకుండా ఈ సమాధానం ప్రచురిస్తున్నాము కనుక, చట్టం దేశాన్ని బట్టి మారే చోట ఆ సంగతి చెబుతూ వెళ్తాను.

మీరు అన్నింటికంటే ఎక్కువగా బాధపడుతున్నది కేటాయింపు మాట గురించి కాబట్టి అక్కడే మొదలుపెడతాను. మీరు సంతకం చేసిన కాగితాన్ని మీరు బుకింగ్ ఫారం అంటున్నారు గాని, దాని తలమీద ఉన్న పేరు ‘కొనుగోలు ఆసక్తి నమోదు పత్రం’. నాలుగో షరతులో ‘ఈ పత్రం వాహన కేటాయింపునకు హామీ కాదు’ అని స్పష్టంగా ఉంది. ఒకరు ప్రతిపాదించి, మరొకరు అంగీకరించి, ఏ వస్తువు, ఎంత ధర, ఎప్పటికి అన్నవి తేలినప్పుడే ఒప్పందం పుడుతుంది. ఈ కాగితంలో ఆ మూడింటిలో ఒక్కటీ ఖరారు కాలేదు. మేనేజరు ఈ-మెయిల్‌లో రాసింది కూడా ‘మీ పేరును కంపెనీకి బలంగా సిఫారసు చేస్తాము’ అని మాత్రమే. సిఫారసు చేస్తామన్నవారు సిఫారసు చేశారు. కారు ఇస్తామని వారు ఎక్కడా రాయలేదు. ‘ఈ మోడల్ కొంటే ఆ కారు కేటాయిస్తాము’ అన్న వాక్యం ఏ సందేశంలోనైనా దొరికితే కథ మారుతుంది, ఎందుకంటే అప్పుడు మీరు కొన్న మొదటి కారే ఆ మాటకు ప్రతిఫలం అవుతుంది. ఫోనులోని పాత సందేశాలను ఒకసారి ఓపికగా వెతకండి.

ఇష్టమైనవారికే కారు అమ్మే పద్ధతి మీ డీలరు కనిపెట్టింది కాదు. అమెరికాలో ప్రెస్టన్ హెన్ అనే పాత ఫెరారీల సేకర్త, లాఫెరారీ అపెర్టా కోసం కంపెనీ పెద్దకు సుమారు 10 లక్షల డాలర్ల చెక్కు పంపితే అది తిరిగి వచ్చింది. తనకు అర్హత లేదని అనడం వల్ల తన పరువు పోయిందని ఆయన 2016లో ఫ్లోరిడాలో దావా వేసి, తరువాత తానే వెనక్కి తీసుకున్నారు. ఒక వస్తువు కావాలంటే మరొకటి కొనాలని ముడిపెట్టడం పోటీ చట్టాలకు విరుద్ధమన్న వాదన ఒకటి ఉంది. ఖరీదైన చేతిసంచుల విషయంలో హెర్మెస్ సంస్థ మీద కాలిఫోర్నియాలో 2024లో ఇదే వాదనతో దావా వేశారు, 2025లో కోర్టు దాన్ని కొట్టివేసింది. ముడిపెట్టిన వ్యాపారికి మార్కెట్టు మీద గట్టి పట్టు ఉందని, దానివల్ల పోటీకి దెబ్బ తగిలిందని నిరూపించాల్సి ఉంటుంది. సూపర్‌కార్లు తయారుచేసే సంస్థలు అనేకం ఉన్నచోట అది తేలిక కాదు. మీ డబ్బు, మీ కాలం ఆ వాదన మీద ఖర్చు పెట్టవద్దని నా సలహా.

ధర సంగతికి వస్తే మీకు కొంత ఆశ ఉంది. తయారీ సంస్థ ప్రకటించే ధర చాలాచోట్ల సూచన మాత్రమే. డీలరు వేరే వ్యాపారి, అతను దానికి పైన అడగవచ్చు. అమెరికాలో 1958 నాటి చట్టం ప్రకారం కొత్త కారు అద్దం మీద తయారీ సంస్థ సూచించిన ధరను అతికించాలి గాని, అంతకు మించి అమ్మకూడదని ఆ చట్టం చెప్పదు. అయితే మీ ఫారంలోని ఏడో షరతును నెమ్మదిగా చదవండి: ‘తయారీ సంస్థ ధరను సవరించిన పక్షంలో, డెలివరీ నాటి ధర వర్తిస్తుంది.’ ధర మారవచ్చని మీరు ఒప్పుకున్నది తయారీ సంస్థ మార్చినప్పుడే. డీలరు తన వంతుగా కలుపుకున్న మొత్తానికి ఈ షరతు వర్తించదు. మీకు వచ్చిన కొత్త లెక్కలో మొత్తం అంకె ఒక్కటే ఉంది, విభజన లేదు. కర్మాగారం ధర ఎంత, మీరు ఎంచుకున్న అదనపు పరికరాలకు ఎంత, పన్ను ఎంత, డీలరు కలిపింది ఎంత అని విడివిడిగా రాసి ఇవ్వమని ముందుగా ఒక ఉత్తరం రాయండి. ఆ ఒక్క కాగితం వస్తే సగం వివాదం దానంతటదే తేలుతుంది. ఇవ్వడానికి వెనకాడితే అదీ మీకు సాక్ష్యమే.

పెంచిందంతా తయారీ సంస్థే అని తేలినా, మీరు ఆ ధరకు కొని తీరాలని కాదు. ధర పెంచే హక్కు తన దగ్గర ఉంచుకుని, పెంపు మరీ ఎక్కువైనప్పుడు తప్పుకునే హక్కు వినియోగదారుకు ఇవ్వని షరతును అన్యాయమైనదిగా పరిగణించవచ్చని ఐరోపా సమాఖ్య 1993లోనే ఆదేశంలో రాసుకుంది. బ్రిటన్ 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టంలోనూ అదే ఉంది. ఇలాంటి నియమం ఉన్న దేశంలో మీరు కొని ఉంటే డిపాజిట్‌ను జప్తు చేసుకోవడం డీలరుకు కష్టం. అంతకంటే దగ్గరి ఆధారం మీ రసీదులోనే ఉంది: దాని మీద ‘వాపసు ఇవ్వదగిన డిపాజిట్’ అని ముద్రించి ఉంది. కొనుగోలుదారు వెనక్కి తగ్గితే డిపాజిట్ పోతుందని ఫారం చెబుతోంది నిజమే గాని, ఒకే వ్యాపారి ఇచ్చిన రెండు కాగితాలు పరస్పరం విరుద్ధంగా ఉన్నప్పుడు, ఆ అస్పష్టతను రాసినవారికి వ్యతిరేకంగా అర్థం చేసుకోవడం న్యాయస్థానాల్లో పాత పద్ధతి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. రంగు, సీటు కుట్టు, చక్రాల వివరాలతో వారు పంపిన పట్టిక మీద ఇంకా సంతకం చేయలేదని రాశారు; ధర తేలేదాకా చేయకండి. దూరం నుంచి చేసిన కొనుగోళ్లను 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఐరోపాలోనూ బ్రిటన్‌లోనూ ఉన్నా, కొనేవారు కోరిన తీరులో ప్రత్యేకంగా తయారుచేసే వస్తువులకు అది వర్తించదు. సంతకం పడి తయారీ మొదలయ్యాక, ఏ దేశంలోనైనా సరే, మీ మూలంగా తమకు నష్టం వచ్చిందని వాదించే వీలు డీలరుకు దొరుకుతుంది. రెండోది, రసీదు మీ సొంత పేరున ఉండడం మీ అదృష్టం. పన్ను లెక్క కలిసివస్తుందని ఇలాంటి కార్లను సంస్థ పేరున కొనేవారు చాలామంది ఉన్నారు. అలా కొన్నవారు చాలాచోట్ల చట్టం దృష్టిలో వినియోగదారులు కారు, నేను పైన చెప్పిన రక్షణలో అధిక భాగం వారికి దక్కదు.

రెండేళ్లు అమ్మకూడదన్న హామీ చెల్లుతుందా అంటే, మీరు సంతకం చేస్తే సాధారణంగా చెల్లుతుందనే అనుకోండి. ఫోర్డ్ జీటీ కారు కోసం మొదటి విడతలో 6 వేలకు పైగా దరఖాస్తులు వస్తే 500 మందికే అవకాశం దొరికింది. అలా దొరికినవారిలో ఒకరైన నటుడు, కుస్తీ యోధుడు జాన్ సీనా సుమారు 4 లక్షల 63 వేల డాలర్లకు కారు తీసుకుని కొద్ది వారాల్లోనే అమ్మేశారు. 24 నెలలు ఉంచుకోవాలన్న మాట తప్పారని 2017 నవంబరులో ఫోర్డ్ దావా వేసింది. డీలరుతో తాను చివరగా సంతకం చేసిన కొనుగోలు పత్రంలో ఆ షరతే లేదన్నది సీనా న్యాయవాదుల వాదన. కోర్టు దాని మీద తీర్పు చెప్పే అవసరం రాకుండానే 2018 జూన్‌లో రాజీ కుదిరింది; సీనా క్షమాపణ చెప్పి, బయటపెట్టని మొత్తం చెల్లించగా, ఫోర్డ్ దాన్ని దానానికి ఇచ్చింది. ఆ వాదన మీకు ఎందుకు పనికొస్తుందంటే, మీ ఫారంలో కూడా అమ్మకం నిషేధం గురించి ఒక్క మాట లేదు. ఇప్పుడు అడుగుతున్నది కొత్త షరతు, దాన్ని కాదనే స్వేచ్ఛ మీకు ఉంది. అదే 2018లో మరో ఫోర్డ్ జీటీ వేలానికి వచ్చినప్పుడు దాన్ని ఆపమని ఫోర్డ్ కోరితే ఇండియానాలో కోర్టు నిరాకరించింది. అమ్ముతున్న వ్యక్తి ఫోర్డ్‌తో ఒప్పందం చేసుకున్న మొదటి యజమాని కాడు. అంటే ఇలాంటి హామీ సంతకం చేసినవారిని కట్టేస్తుంది తప్ప కారు వెంట పోదు. ఈ సంగతి కంపెనీలకూ తెలుసు. అందుకే 500 మాత్రమే తయారైన లెక్సస్ ఎల్ఎఫ్ఏను అమెరికాలో మొదట అమ్మకానికి కాక రెండేళ్ల లీజుకు ఇవ్వజూపారు. యాజమాన్యం చేతిలో లేనివాడు దేన్ని అమ్ముతాడు? మీరు కారు తీసుకోవాలనే నిశ్చయించుకుంటే, గడువు డెలివరీ తేదీ నుంచి మొదలవుతుందని, మరణం, తీవ్ర అనారోగ్యం, ఆర్థిక ఇబ్బంది వచ్చినప్పుడు డీలరే ముందుగా న్యాయమైన ధరకు తిరిగి కొనాలని రాయించుకోండి. ఉల్లంఘనకు నిర్ణీత జరిమానా అంకె ఉంటే అది వారి అసలు నష్టంతో ఏ పొంతనా లేనిదైతే కొట్టివేయించవచ్చు గాని, అది తరువాతి పోరాటం.

ఇక ముందు కొన్న కారు. సమీక్షకుడు అన్న మాటకు డీలరు బాధ్యుడు కాడు, సమీక్షకుడికీ మీకూ మధ్య ఒప్పందం లేదు. సమీక్షలకు ఇచ్చే కారు సాధారణంగా తయారీ సంస్థదే, దానికి అమ్మకానికి ఉన్న అదనపు పరికరాలన్నీ తగిలించి ఉండడం మామూలు. కారు ముక్కును ఎత్తే ఏర్పాటు చాలా మోడళ్లలో విడిగా డబ్బు కట్టి తీసుకునేదే. పరీక్షలకు ఇచ్చే కార్లను ఫెరారీ ప్రత్యేకంగా సర్ది పంపుతుందని బ్రిటిష్ మోటారు పాత్రికేయుడు క్రిస్ హారిస్ 2011లో బహిరంగంగా ఆరోపించారు. ఆ తరువాత ఆ కంపెనీ కార్లు ఆయనకు కొంతకాలం అందలేదు. కాబట్టి ‘వీడియోలో చూశాను’ అన్నది మాత్రమే మీ ఆధారమైతే దావా నిలవదు.

కానీ మీరు పెద్దగా పట్టించుకోని ఈ-మెయిల్ ఒకటి ఉంది. కొనడానికి 9 రోజుల ముందు సేల్స్ మేనేజరు ఆ వీడియో లింకు పంపి, కింద ‘మీకు వచ్చేది ఇదే కారు, ఇవే సదుపాయాలు’ అని రాశారు. ఆ వాక్యంతో సమీక్షకుడి మాటను డీలరు తన మాటగా చేసుకున్నట్టయింది. ‘ఇంత గొప్ప కారు మరొకటి లేదు’ అంటే అది వ్యాపారి పొగడ్త, దాని మీద దావా వేయలేము. ‘ఇవే సదుపాయాలు’ అన్నది నిజమో కాదో తేల్చగల మాట, మీరు దాన్ని నమ్మి కొన్నారు. డీలరు రెండు జవాబులు చెబుతాడు: మీరు సంతకం చేసిన ఆర్డరు పట్టికలో ఆ పరికరం లేదని, వీడియో చివర ‘చిత్రంలోని కారులో అదనపు పరికరాలు ఉన్నాయి’ అన్న చిన్న అక్షరాలు కనిపించాయని. రెండూ తీసిపారేయదగినవి కావు. కారు వెనక్కి ఇచ్చి డబ్బంతా అడగడం అత్యాశ అవుతుంది. ఆ ఏర్పాటు అమర్చడానికయ్యే ఖర్చు లేదా దాని విలువ అడగండి, అక్కడ రాజీకి వచ్చే అవకాశం బాగా ఉంది.

చివరగా నోటీసు. విమర్శించకూడదని ముందుగా ముద్రించిన ఫారంలో కస్టమరు నోరు కట్టేసే షరతులు అమెరికాలో 2016 నాటి చట్టం ప్రకారం చెల్లవు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2013 నాటి పరువు నష్టం చట్టం ప్రకారం లాభాపేక్ష గల సంస్థ దావా వేయాలంటే తీవ్రమైన ఆర్థిక నష్టం జరిగిందని లేదా జరిగే అవకాశం ఉందని చూపాలి. నిజాయితీగా చెప్పిన అభిప్రాయానికి రక్షణ ఉంది. మీ దేశంలో ఇంత స్పష్టమైన చట్టం లేకపోవచ్చు, అయినా నిజం చెప్పడం దాదాపు అన్నిచోట్లా బలమైన సమాధానమే. తమ రోడ్‌స్టర్ కారు పరుగు గురించి తప్పుగా చూపారని బీబీసీ టాప్ గేర్ కార్యక్రమం మీద టెస్లా 2011లో దావా వేస్తే, 2013లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది. కంపెనీ చెప్పిన 200 మైళ్లు మామూలు రోడ్డు మీద, కార్యక్రమం చెప్పిన 55 మైళ్లు ట్రాకు మీద వేగంగా నడిపినప్పుడు. రెండింటికీ తేడా చూసేవారికి తెలుస్తుందని న్యాయమూర్తులు భావించారు.

మీ వీడియో విషయంలో నా భయం వేరే. మీరు పంపిన రాతప్రతిలో ‘వీళ్లు దొంగలు, అందరినీ ఇలాగే మోసం చేస్తారు’ అన్న వాక్యం ఉంది. అందరి సంగతి మీకు తెలియదు, దొంగతనం నిరూపించలేరు. ఆ వాక్యం తీసేయండి. ‘ఫలానా తేదీన ఈ ధర చెప్పారు, 14 నెలల తర్వాత ఈ ధర చెప్పారు, విభజన అడిగితే ఇవ్వలేదు’ అని కాగితాలు చూపుతూ చెప్పండి, మేనేజరు పేరు, ఫోను నంబరు కనబడకుండా చూసుకోండి. అయితే అది కూడా ఇప్పుడే కాదు. డిపాజిట్ వాపసు కోసం రాసే ఉత్తరంలో ‘డబ్బు ఇవ్వకపోతే వీడియో పెడతాను’ అన్న మాట ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు. కొన్ని దేశాల్లో దాన్ని బెదిరించి డబ్బు గుంజడంగా చూస్తారు, డీలరు న్యాయవాది ఎదురుచూసేది సరిగ్గా అలాంటి వాక్యం కోసమే. నోటీసులో ఇచ్చిన 15 రోజుల గడువులో ఈ రోజుకు 6 రోజులు గడిచాయి. స్థానిక న్యాయవాది ద్వారా జవాబు పంపి, అదే జవాబులో ధర విభజన, డిపాజిట్ వాపసు రెండూ అడిగించండి.