ఇస్త్రీ పెట్టెతో అంటించిన వెనీర్ అంచుల్లో లేచి, మధ్యలో ఉబ్బుతోంది. ఏం చేయాలి?

మీ ప్రశ్న: ప్లైవుడ్‌తో చేసిన పుస్తకాల అరకు, వెనక జిగురున్న వెనీర్‌ను, అంటే పలచటి చెక్కపొరను, ఇస్త్రీ పెట్టెతో అంటించారు. వారం తిరక్కుండానే అంచులు లేచాయి, పైపలక రెండు చోట్ల ఉబ్బింది. వేడి చాలలేదేమోనని మీ అనుమానం.

వేడి ఎక్కువ తక్కువల వల్ల ఇలా కావడం తక్కువేనండీ. చాలాసార్లు పొరపాటు జరిగేది పెట్టె పక్కకు జరిగాక వచ్చే అర నిమిషంలో. వెనీర్ వెనకున్నది హాట్ మెల్ట్ జిగురు. వేడికి కరుగుతుంది, చల్లారి గట్టిపడినప్పుడే పట్టు ఇస్తుంది. అది మెత్తగా ఉన్న ఆ కాసేపు ఏదీ అదిమి పట్టకపోతే వెనీర్ తన వంపు కొద్దీ పైకి లేస్తుంది, జిగురు ఆ ఖాళీలోనే గడ్డకడుతుంది.

అందుకే ఒక చేత్తో పెట్టె నడుస్తుంటే, రెండో చేతిలో నున్నటి చెక్కముక్క దాని వెంటే రావాలి. అరచేతి పొడవున్న గట్టి చెక్క చాలు, మూలలు మాత్రం గుండ్రంగా అరగదీయండి, లేకపోతే వెనీర్ మీద గాట్లు పడతాయి. పెట్టె దాటిన చోటును బలంగా రుద్దుతూ, చేతికి గోరువెచ్చగా తగిలేదాకా వదలకండి. అంచు టేపైతే (పలక అంచుకు అంటించే సన్నటి వెనీర్ పట్టీ) ఒక్కోసారి 20–25 సెం.మీ. మేరకే వేడి చేయండి. వెడల్పాటి పలకైతే మధ్య నుంచి అంచుల వైపు వెళ్లాలి, అప్పుడే లోపలి గాలి బయటికి పోతుంది.

పెట్టెను కాటన్ దగ్గర పెట్టండి. ఆవిరి ఆపి, తొట్టిలో నీళ్లు పారబోయండి. ఆవిరి తగిలిన చెక్కపొర సాగి, ఆరాక కుంచించుకుని, అతుకుల దగ్గర సందులు చూపిస్తుంది. మధ్యలో సాదా కాగితం వేస్తే మరకలు పడవు. అంచు వెంట జిగురు సన్నగా మెరుస్తూ ఊరితే కరిగినట్టే, ముందుకు జరగండి. చెక్క రంగు ముదురుతోందంటే ఒకేచోట ఎక్కువసేపు ఆపుతున్నారన్నమాట. ముందుగా ఒక పనికిరాని ముక్క మీద ఈ వేగం చేతికి అలవాటు చేసుకోవడం మంచిది.

పలక తయారీని తేలిగ్గా తీసుకోవద్దు. వెనీర్ మందం సుమారు 0.5 మి.మీ.; కింద ఏ గుంట ఉన్నా, ఏ స్క్రూ తల పొడుచుకొచ్చినా పాలిష్ పడ్డాక స్పష్టంగా కనిపిస్తుంది. పుట్టీతో పూడ్చి, 120 నంబరు శాండ్ పేపర్‌తో సమం చేసి, దుమ్మంతా తీసేయాలి. పాత వార్నిష్, మైనం, నూనె ఉంటే జిగురు పట్టదు. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) కోసిన అంచు స్పాంజిలా జిగురును పీల్చేస్తుంది. దానికి ముందే నీళ్లు కలిపిన తెల్ల జిగురు ఒక పూత వేసి, ఆరనిచ్చి, పైపైన రుద్దుకోవాలి.

18 మి.మీ. ప్లైవుడ్‌కు 22 మి.మీ. టేపు వాడితే రెండు వైపులా 2 మి.మీ. చొప్పున మిగులుతుంది. పూర్తిగా చల్లారాకే దాన్ని తీయండి, వెచ్చగా ఉంటే జిగురు బ్లేడుకు అంటుకుని టేపును లాగేస్తుంది. కొత్తవాళ్లకు ఉలి కన్నా సన్నపళ్ల ఆకురాయే నయం. దాన్ని కొద్దిగా ఏటవాలుగా పట్టి, టేపును పలక వైపు నొక్కుతున్నట్టుగా ముందుకు మాత్రమే తోయండి. వెనక్కి లాగితే పళ్లు వెనీర్‌ను పైకి ఎత్తి చీలుస్తాయి. తెగే ముందు మిగులు ముక్క సన్నటి దారంలా వేలాడుతుంది, దాన్ని చేత్తో పీకకండి. చివరగా 220 నంబరు పేపర్‌ను చెక్కముక్కకు చుట్టి, చెక్క నార వెంబడి నాలుగైదుసార్లు రుద్దితే చాలు. అంతకు మించితే వెనీర్ అరిగి కింది ప్లైవుడ్ బయటపడుతుంది.

జిగురు లేని మామూలు వెనీర్‌ను కూడా ఇలా అంటించవచ్చు. మామూలు తెల్ల వుడ్ గ్లూను పలకకూ వెనీర్‌కూ రోలర్‌తో రెండేసి పూతలు వేసి, చేతికి అంటనంతగా ఆరాక అదే రోజు ఇస్త్రీ చేయాలి. పూత వేయగానే వెనీర్ చుట్టుకుపోతుంది, రెండో వైపు నీళ్లు సన్నగా చిలకరిస్తే చదునవుతుంది. అతుకు వచ్చే చోట రెండు ముక్కల్నీ ఒకదానిమీద ఒకటి 2 సెం.మీ. ఎక్కించి, ఆ పట్టీని వేడి చేయకుండా వదిలేయండి. మిగతాది అంటుకున్నాక స్టీలు స్కేలు పెట్టి రెండు పొరల్నీ ఒకేసారి కోసి, కత్తిరింపు తీసేసి, అప్పుడు అంటిస్తే సందు రాదు. విడిగా ఉండే తలుపులకు, పలకలకు రెండు ముఖాలకూ వెనీర్ వేయాలి, ఒకవైపే వేస్తే దోనెలా వంగుతాయి.

ఇక మీ అర సంగతి. పైపలకంతా గోటితో తట్టుకుంటూ రండి. బోలుగా మోగిన చోటల్లా పెన్సిల్ గుర్తు పెట్టి, కాగితం వేసి మళ్లీ వేడి చేసి, చల్లారేదాకా అదమండి. లేచిన అంచులకూ ఇంతే, ముందు కిందకు చేరిన దుమ్ము ఊదేయండి. అయినా దిగని ఉబ్బును నార వెంబడి బ్లేడుతో సన్నగా చీల్చి, సిరంజితో తెల్ల జిగురు ఎక్కించి, పైకి వచ్చింది తడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ కాగితం మీద చదునైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. అర పొయ్యి పక్కనో, ఎండ నేరుగా పడే కిటికీ దగ్గరో ఉంటే మాత్రం ముందు అక్కణ్నుంచి జరపండి, అక్కడి వేడికి హాట్ మెల్ట్ మళ్లీ మెత్తబడుతుంది.