స్టాంపు మీద రెండో అచ్చు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా జేజినాయన పెట్టెలో సింగపూరు నుంచి వచ్చిన కవర్లు దొరికినాయి. రాజు బొమ్మ స్టాంపుల మీద ఇంగ్లీషులో 'బీఎంఏ మలయా' అని రెండు వరుసల్లో అచ్చేసినారు. పోస్టాఫీసు ముద్రలో 1947 అని ఉంది. ఇవి విలువైనవేనా? నీళ్లలో నానబెట్టి ఊడదీయొచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఊడదీయకండి. ఈ స్టాంపుల్లో కొన్ని సుద్దపూత కాగితం మీద, తడి తగిలితే చెదిరే సిరాతో అచ్చయ్యాయి. నీళ్లలో వేస్తే బొమ్మ వెలిసిపోతుంది. పైగా విడి స్టాంపు కంటే ముద్ర, చిరునామా చెక్కుచెదరని కవరుకే సేకర్తలు ఎక్కువ ఇస్తారు.

బీఎంఏ అంటే బ్రిటిష్ మిలిటరీ అడ్మినిస్ట్రేషన్. 1945 సెప్టెంబరులో జపాన్ సేన లొంగిపోయాక మలయా, సింగపూరులను నడిపింది ఈ సైనిక పాలనే. 1946 ఏప్రిల్ 1న పౌర పాలన కింద మలయన్ యూనియన్ ఏర్పడేదాకా సాగింది. కొత్త స్టాంపులు వేయించే తీరిక లేక సింగపూరు, పినాంగ్, మలక్కాలు కలిసిన బ్రిటిష్ వలస స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ పాత స్టాంపుల మీదే ఈ అక్షరాలు అచ్చేశారు. పాలన పోయినా స్టాంపులు పోలేదు, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు చెల్లాయి. కాబట్టి 1947 ముద్ర చూసి అనుమానపడక్కర్లేదు. అనుమానపడాల్సింది 1945కు ముందు తేదీ ఉంటేనే. అప్పటికి ఈ అచ్చే లేదు.

విలువ సంగతికొస్తే, చిన్న సెంట్ల స్టాంపులు బోలెడు దొరుకుతాయి, వాటికి నకిలీలు చేసేవాళ్లు తక్కువ. నకిలీలు పుట్టేది తలకిందుల అచ్చు, జంట అచ్చు (అవే అక్షరాలు రెండుసార్లు పడ్డది), అరుదైన సిరా రంగు దగ్గర. ఉదాహరణకు నల్లటి ఒక సెంటు స్టాంపు మీద మామూలుగా ఉండేది ఎర్ర అచ్చు, మెజెంటా (ఊదా కలిసిన ముదురు గులాబీ) అచ్చు వేరే రకం. ట్యూబ్‌లైటు కింద ఈ రెండు రంగులనూ విడదీయలేరు. పగటి వెలుగులో, మామూలు ఎర్ర అచ్చు స్టాంపును పక్కన పెట్టుకుని చూడాలి.

ప్రశ్న: ఆస్ట్రేలియా కంగారూ అర పెన్నీ స్టాంపు మీద 'బీసీఓఎఫ్ జపాన్ 1946' అని నల్లటి అచ్చు ఉంది. అమ్మినాయన చానా అరుదైనదన్నాడు. నకిలీనో కాదో ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: చాలావరకు ఉంది. ముందు ఇదేమిటో చెప్పాలి. యుద్ధం తర్వాత జపాన్‌లో ఉన్న బ్రిటిష్ కామన్వెల్త్ ఆక్రమణ సేనకు ఇంగ్లీషు పొడి అక్షరాలు బీసీఓఎఫ్. మన సైనికులు కూడా అందులో ఉండి 1947లో తిరిగొచ్చారు. ఆస్ట్రేలియా స్టాంపులు డబ్బు మారకపు దందాకు దారి కాకూడదని వాటి మీద ఈ అచ్చు వేయించారు. అర పెన్నీ, ఒక పెన్నీ, మూడు పెన్నీల స్టాంపులు 1946 అక్టోబరులో వచ్చి వెంటనే ఆగిపోయాయి. 1947 మే నెలలో ఆరు పెన్నీలు, ఒకటి, రెండు, అయిదు షిల్లింగుల స్టాంపులతో కలిసి మళ్లీ వచ్చాయి. అచ్చులో '1946' అని ఉంది కదా అని ముద్రలోనూ ఆ ఏడే ఉండాలని లేదు.

ఇక పరీక్ష. మీది వాడిన స్టాంపైతే మొదట చూడాల్సింది, అచ్చు మీద ముద్ర పడిందా, ముద్ర మీద అచ్చు పడిందా అన్నది. నకిలీ చేసేవాడికి చవగ్గా దొరికేవి ముద్ర పడిన మామూలు ఆస్ట్రేలియా స్టాంపులే. వాటి మీద తర్వాత అక్షరాలు కొడతాడు. నగల అంగళ్లలో వాడే పది రెట్ల భూతద్దం చాలు. అద్దాన్ని కంటికి ఆనించి స్టాంపును దాని దగ్గరికి తెండి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడాలి. ముద్ర గీత ఏదో ఒక అక్షరాన్ని దాటే చోటు వెతకండి. గీత అక్షరం పైనుంచి సాగిపోతే మంచిది. అక్షరం అంచు గీతను కోసేసి, గీత దాని కిందికి దూరినట్టు ఉంటే నకిలీ అనుకోవచ్చు.

ఇక్కడో మెలిక ఉంది. అచ్చు సిరా జిడ్డుది, ముద్ర సిరా పలచన. జిడ్డు మీద పలచని సిరా సరిగా అంటదు. అందువల్ల అసలు స్టాంపులో కూడా గీత అక్షరం మీద పలచబడుతుంది, ఒక్కోసారి తెగినట్టే ఉంటుంది. అప్పుడు అక్షరం నల్లని మేర మీద ముద్ర సిరా చుక్కలు అక్కడక్కడా మిగిలాయా అని చూడాలి. స్టాంపును మెల్లగా తిప్పితే జిడ్డు సిరా మెరుస్తుంది, ముద్ర సిరా మెరవదు. నలుపు మీద నలుపును విడదీయడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు.

ముద్రలో ఊరి పేరు కూడా చదవండి. ఇవి జపాన్‌లోని సేన కోసం వేసినవి. సైనిక పోస్టాఫీసు ముద్ర ఉంటే సరే, మెల్‌బోర్న్ లాంటి ఊరి ముద్ర ఉంటే ధర ఇచ్చే ముందు ఆగండి.

అక్షరాల అంచులు తర్వాత. అచ్చు దిమ్మెతో కొట్టిన అక్షరానికి ఒత్తిడి వల్ల సిరా అంచుకు నెట్టుకుపోయి ముదురు గీతలా నిలుస్తుంది, వెనకవైపు సన్నని ఉబ్బు కూడా ఉండొచ్చు. ఇంక్‌జెట్ అచ్చయితే అంచు బయట రంగు చుక్కలు చెదిరి ఉంటాయి. లేజర్ అచ్చయితే పొడి కరిగి గట్టిపడినట్టు కాగితం పైన పైనే ఉంటుంది. రబ్బరు ముద్రయితే అక్షరం మధ్యలో పలచన. మీ స్టాంపులో '6' ఆకారం స్టాంపుల కాటలాగు పుస్తకంలోని బొమ్మకు తేడాగా ఉందని మాత్రం పారేయకండి. అచ్చు కూర్పులో వేరే రకం '6' పడ్డ స్టాంపు ఈ వరుసలో నిజంగానే ఉంది, దానికి ధర ఎక్కువ. అయితే తేడా '6' ఒక్కదానికే పరిమితం కావాలి. మిగతా అక్షరాలు కూడా తేడాగా ఉంటే అది వేరే కథ.

నోట్లు చూసే అతినీల కాంతి దీపం దొరికితే చీకటి గదిలో చూడండి. ఆనాటి కాగితం మసకగా ఉంటుంది. తెల్లగా భగ్గుమంటే అనుమానమే, కానీ సబ్బు నీళ్లలో కడిగిన పాత స్టాంపు కూడా అలాగే వెలుగుతుంది. దీపం ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు.

ప్రశ్న: జర్మనీ అంకెల స్టాంపు మీద చిన్న చిన్న బూరలు అచ్చేసి ఉన్నాయి. ఒకదాని మీద వరుసగా, ఇంకోదాని మీద అంతటా. రెండూ ఒకటేనా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: కారణం ఒకటే, రకాలు రెండు. అవి తపాలా బూరలు, పూర్వం తపాలా బండివాళ్లు ఊదినవి. యుద్ధం తర్వాత గెలిచిన దేశాలు జర్మనీని మండలాలుగా పంచుకున్నాయి. 1948 జూన్‌లో పశ్చిమ జర్మనీ మండలాల్లో పాత రైష్‌మార్క్ పోయి డాయిష్ మార్క్ వచ్చింది. పాత డబ్బుతో కొని దాచిన స్టాంపులు కొత్త డబ్బు విలువకు చెల్లకుండా, తపాలా వాళ్లు తమ దగ్గరున్న నిల్వ మీద బూరలు అచ్చేశారు. అడ్డంగా పట్టీలా ఉంటే పట్టీ అచ్చు, స్టాంపంతా పరుచుకుంటే వల అచ్చు. ఒకే స్టాంపుకు రెండు అచ్చుల్లో ధర వేరు కావచ్చు, కాటలాగులో చూసేటప్పుడు వరుస తప్పకండి. సోవియట్ మండలంలో మొదట ఒక్కో పోస్టాఫీసు చేత్తోనే జిల్లా సంఖ్య ముద్ర కొట్టింది. చేతి ముద్రను నకలు చేయడం మహా సులువు, నిపుణుడి సంతకం లేకుండా అలాంటివి ధర పెట్టి కొనకండి.

ప్రశ్న: మలయా స్టాంపు మీద 'దాయ్ నిప్పన్ 2602' అని ఉంది. 2602 ఏమి ఏడు?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: జపాన్ రాజ శకం. 'దాయ్ నిప్పన్' అంటే గొప్ప జపాన్. 2602లో 660 తీసేస్తే 1942. కాబట్టి ఇది యుద్ధకాలపు జపాన్ ఆక్రమణ స్టాంపు, యుద్ధం తర్వాతిది కాదు. ఆల్బంలో బీఎంఏ పేజీకి ముందు పెట్టండి. ఎండాకాలం ఆల్బంను బీరువా పైన కాకుండా కింది అరలో, నిలబెట్టి ఉంచండి. వేడికి జిగురు పెళుసెక్కి పగిలిందంటే మళ్లీ అతకదు.