‘మోద్రిస్’ తల్లి అంత కఠినురాలా?

ప్రశ్న: లాత్వియా సినిమా ‘మోద్రిస్’ చూశాను. కరెంటు హీటర్ తాకట్టు పెట్టాడని కన్నకొడుకు మీద తల్లే పోలీసు కంప్లైంట్ ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. అలాంటి తల్లి ఉంటుందా? ఈ దర్శకుడు ఎవరు, ఇంకేం తీశాడు?
– ఒక పాఠకురాలు

జవాబు: మొదటిసారి చూసినప్పుడు నాకూ ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చిందండీ. రెండోసారి చూస్తే కంప్లైంట్ ఇచ్చిన రోజు కన్నా అంతకు ముందు గడిచిన రోజులే ఎక్కువ కనిపించాయి. కొడుక్కి పదిహేడేళ్లు, స్లాట్ మెషీన్ల పిచ్చి, ఇంట్లో ఏ వస్తువు ఎప్పుడు మాయమవుతుందో తెలియదు, పక్కన భర్త లేడు, పైగా అక్కడి చలికాలం, అంత చలిలో హీటర్ పోతే ఇల్లు ఇల్లులా ఉంటుందా చెప్పండి. ఆవిడ ఓపిక అక్కడ తెగిపోయింది. తల్లి పాత్ర వేసిన రేజియా కల్నిన్యా ఆ అలసటని ముఖంలో ఎంత బాగా చూపించిందో మళ్లీ ఒకసారి గమనించండి.

నన్ను అడిగితే ఆవిడ పొరపాటు పోలీస్ స్టేషన్ గడప తొక్కడానికి చాలా ముందే మొదలైంది. మీ నాన్న జైల్లో ఉన్నాడు, నీదీ అదే రక్తం, నువ్వూ అక్కడికే పోతావని పిల్లాడికి పదే పదే చెబుతూ వచ్చింది. విత్తు ఒకటి వేస్తే చెట్టు మరొకటి మొలుస్తుందా అని మనవాళ్లూ ఎంత తేలిగ్గా అనేస్తారో! పదిహేడేళ్ల వాడు దాన్ని తన జాతకం అనుకుంటాడు. ఎన్నడూ చూడని తండ్రిని వాడు వెతుక్కుంటూ పోవడం నాకు అందుకే అర్థమైంది, ఆ మనిషిని కళ్లారా చూస్తే గానీ ఆ మాట నిజమో అబద్ధమో వాడికి తేలదు. ఈలోపు ఇంట్లో తేలాల్సిన గొడవ కోర్టుకెక్కి తల్లీకొడుకులిద్దరి చేతుల్లోంచీ జారిపోతుంది. మోద్రిస్‌గా వేసిన క్రిస్టర్స్ పిక్షా పెద్దగా ఏడవడు, అరవడు, అయినా వాడి టెన్షన్ మనకు అంటుకుంటుంది.

దర్శకుడు యూరిస్ కుర్సియెటిస్ 1983లో పుట్టాడు. టీవీ జర్నలిస్టుగా పనిచేశాడు, ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో సినిమా చదువుకున్నాడు. నిజంగా జరిగిన సంగతి ఆధారంగా తీసిన ‘మోద్రిస్’ ఆయన మొదటి పూర్తి నిడివి సినిమా. 2014లో టొరంటో, శాన్ సెబాస్టియన్ ఉత్సవాల్లో వేశారు. తర్వాతి ఏడాది లాత్వియా తన తరఫున ఆస్కార్‌కి పంపింది గానీ నామినేషన్ రాలేదు.

రెండోది ‘ఓలెగ్’, 2019లో కాన్ చిత్రోత్సవంలో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో వచ్చింది. మాంసం కోసే పనికి బెల్జియం వెళ్లిన ఒక యువకుడి కథ. 1991లో సోవియట్ యూనియన్ నుంచి స్వాతంత్ర్యం తిరిగొచ్చాక లాత్వియాలో పౌరసత్వం దక్కకుండా మిగిలిపోయిన వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల పాస్‌పోర్టే వేరు, ఓలెగ్ కూడా ఆ కోవలోనివాడే. ఒక పోలండ్ మోసగాడి చేతిలో పడి నలిగిపోతాడు. మోద్రిస్ కన్నా బరువైన సినిమా, రాత్రి పడుకోబోయే ముందు మాత్రం పెట్టుకోకండి.