ఫోర్ట్ కొచ్చి చర్చికి వెళ్తున్నావా, ఇది చదివి వెళ్లు

చిన్నా,

కొచ్చి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి ఐదు నిమిషాలు కాదు, కనీసం ఒక గంట పెట్టుకో. అక్కడికొచ్చే వాళ్లంతా వాస్కో డ గామా సమాధి ఎక్కడని అడిగి, ఆ రాయి దగ్గర ఫోటో దిగేసి, చైనా చేపల వలలు చూడాలని పరిగెడతారు. అసలు ఆయన అందులో లేడురా! 1524లో కొచ్చిలోనే చనిపోతే అక్కడ పాతిపెట్టారు గానీ, కొన్నేళ్లకే అస్థికలు పోర్చుగల్‌కు పట్టుకుపోయారు.

నువ్వు గోడలు చూడు. పోర్చుగీసు వాళ్ల సమాధి రాళ్లు ఒకవైపు, డచ్చి వాళ్లవి ఇంకోవైపు, ఒకప్పుడు నేలలో ఉన్నవాటిని పెకలించి గోడలకు నిలబెట్టారు. ఆ చర్చి కథంతా ఆ రెండు వరసల్లోనే ఉంది: 1503లో పోర్చుగీసు వాళ్లు చెక్కతో కట్టి, ఆ తర్వాత గట్టి కట్టడంగా మార్చుకున్నారు, 1663లో ఊరు పట్టుకున్న డచ్చి వాళ్లు మిగతా చర్చిలు చాలావరకు పడగొట్టి దీన్ని మాత్రం తమ ప్రొటెస్టెంట్ ఆరాధనకు ఉంచుకున్నారు, వాళ్ల తర్వాత ఇంగ్లీషు వాళ్లు. ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లది, మన మెదక్ చర్చి లాగే.

తలెత్తి పంకాలు కూడా చూడు, గుడ్డ పంకాలు. వాటి తాళ్లు గోడ దాటి బయటికి పోతాయి. లోపల దొరలు ప్రార్థన చేసుకుంటుంటే బయట ఎవరో కూర్చుని లాగుతూ ఉండేవాడన్నమాట. నాకైతే గామా రాయి కంటే ఆ తాళ్లే ఎక్కువ చెప్పినట్టనిపించింది.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్నా అది మ్యూజియం కాదు, ఆదివారం పొద్దున ఆరాధన జరుగుతుంది. చూడ్డానికైతే వేరే రోజు వెళ్లు, ఆరాధనకైతే చివరిదాకా కూర్చో, మధ్యలో లేచి ఫోన్ పట్టుకుని తిరిగితే బాగోదు. నిక్కర్లు వద్దు. డిసెంబర్ ఆఖరి వారం కూడా వద్దు, కార్నివాల్ జనంలో ఆ వీధుల్లో అడుగు పడదు.

ఎర్నాకుళం నుంచి ఆటో ఎక్కి ట్రాఫిక్‌లో టెన్షన్ పడే బదులు హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో పడవ ఎక్కు, హాయిగా ఉంటుంది. దిగాక ఎవర్నయినా ఉత్తినే చర్చి ఎక్కడని అడిగితే శాంతాక్రూజ్ బసిలికాకి పంపొచ్చు, అది క్యాథలిక్కులది, అదీ చూడదగ్గదే అనుకో. దీనికైతే పరేడ్ గ్రౌండ్ అని అడుగు, పక్కనే.

పెదనాన్న